మాట వినని బుల్లి రేసు కారు

రిమోట్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకున్నా కారు ముక్కు లోపలికి రాదు. తిన్నగా పోయి మలుపు అవతలి అంచుకి కొట్టుకుంటుంది. రిమోట్ కార్ల రేసులకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇలాంటప్పుడు దాదాపు అందరూ ఒకటే చేస్తారు. ముందు చక్రాల స్ప్రింగులు తీసేసి ఇంకా గట్టివి బిగిస్తారు. చక్రాలు ఇంకొంచెం ఎక్కువ తిరిగేలా రిమోట్‌లో స్టీరింగ్ కోణం పెంచుతారు. మళ్ళీ ట్రాక్ మీదికి దింపితే కారు మునుపటికన్నా మొండికేస్తుంది.

ఆలోచిస్తే ఆ రెండు పనుల్లోనూ తప్పేమీ కనిపించదు. ముందు చక్రాలు ఓడిపోతున్నాయి కాబట్టి వాటికి బలం ఇవ్వాలి, ఎక్కువ తిప్పాలి. కానీ ఆ రెండూ జబ్బుని పెంచే మందులే. ఎందుకు పెంచుతాయో తెలిస్తే ఈ కార్లతో వచ్చే తిప్పల్లో చాలా వాటికి కారణం తేలిగ్గా పట్టుకోవచ్చు.

పదో వంతు కారు, పూర్తి సైజు మనిషి

ఈ రేసుల్లో చాలా తరగతులున్నాయి. మనం ఎలక్ట్రిక్ టూరింగ్ కారుని తీసుకుందాం. సైజులో ఇది అసలు కారుకి పదో వంతు. వెడల్పు 190 మి.మీ., నాలుగు చక్రాలకీ మోటారు శక్తి అందుతుంది, పైన పల్చటి పాలీకార్బొనేట్ తొడుగు ఉంటుంది. బరువు 1,350 గ్రాములు కాస్త అటూ ఇటూ. ఈ బరువులో ఒక తమాషా ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతయితే బరువు వెయ్యో వంతవ్వాలి. రోడ్డు మీద తిరిగే 1,350 కిలోల కారుకి వెయ్యో వంతు సరిగ్గా 1,350 గ్రాములు. తూకానికి బొమ్మ అసలుకి తగ్గట్టే ఉంది.

కాలం దగ్గరే తేడా వస్తుంది. పదో వంతు పొడవున్న లోలకం పెద్దదానికన్నా మూడింతలకి పైగా వేగంగా ఊగుతుంది. భూమ్యాకర్షణ మారలేదు, వస్తువే చిన్నదైంది. ఈ కారుకీ అదే వర్తిస్తుంది. పక్కకి ఒరగడం, వెనక భాగం జారడం, గిర్రున తిరిగిపోవడం, అన్నీ అసలు కారులో పట్టే సమయంలో సుమారు మూడో వంతులో జరిగిపోతాయి. నడిపే మనిషి మాత్రం పదో వంతు కాలేదు. కన్ను చూసి, మెదడు గ్రహించి, వేలు కదిలేసరికి సుమారు 0.2 సెకను పడుతుంది. గంటకి 54 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఆలోగా 3 మీటర్లు, అంటే తన పొడవుకి ఏడింతలు, వెళ్ళిపోయి ఉంటుంది.

అందుకే ఈ కార్లని తయారీలోనే కాస్త భయస్తుల్లా మలుస్తారు. వెనక చక్రాలు రెండూ ముందువైపు కొద్దిగా లోపలికి తిరిగి ఉంటాయి, దాన్ని టో-ఇన్ అంటారు. రోడ్డు కార్లలో ఇది ఒక డిగ్రీలో చిన్న భాగం. టూరింగ్ కారులో 3 డిగ్రీల దాకా పెడతారు. చక్రాలు ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుగా తోసుకుంటూ ఉంటే వెనక భాగం తేలిగ్గా పక్కకి పోదు. దానికి మూల్యంగా టైరు అరుగుతుంది, తిన్నటి దారిలో కొంచెం వేగం పోతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డ్రైవరు కారులో లేడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ కార్లు పరిగెత్తినప్పుడు, టైరు జారడం మొదలవగానే ఆ సంగతి డ్రైవరుకి నడుం దగ్గర సీటే చెప్పింది. అతను రేడియోలో ఇంజనీరుకి చెప్పుకున్నాడు. రిమోట్ కారు డ్రైవరు ట్రాక్ పక్కన ఎత్తు వేదిక మీద నిలబడి ఉంటాడు. డ్రైవరూ ఇంజనీరూ అతనే, ఆధారం కళ్ళొక్కటే. ‘వెనక జారుతోంది’ అని అతను అనుకున్నవాటిలో కొన్ని నిజానికి ముందు చక్రాలు మరీ గట్టిగా పట్టుకోవడం వల్ల వచ్చినవి. ముక్కు ఒక్కసారిగా లోపలికి దూకితే తోక విసిరినట్టే కనిపిస్తుంది. మందు మాత్రం వేరు.

ముందు మరమ్మతు, ఆ తరవాతే మార్పులు

స్ప్రింగుల జోలికి వెళ్ళేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. కారు ఎడమ మలుపులోనూ కుడి మలుపులోనూ ఒకేలా తప్పు చేస్తోందా? ఎడమకి బుద్ధిగా తిరిగి, కుడికి వచ్చేసరికి గిర్రున తిరిగిపోతుంటే అది ట్యూనింగ్ లోపం కాదు. ఎక్కడో ఏదో వంగింది, బిగుసుకుంది, లేదా మెలిపడింది.

మొదట చూడాల్సినవి చిన్నవే. నాలుగు చక్రాలనీ ఒక్కొక్కటిగా వేలితో తిప్పండి. గరగరలాడే బేరింగ్ అప్పుడే తెలిసిపోతుంది. షాకులు, అంటే కుదుపుల్ని అణిచే నూనె గొట్టాలు, ఊడదీసి జతగా పట్టుకుని నెమ్మదిగా నొక్కండి. ఒకటి నూనె కారిపోయో గాలి బుడగ చేరో ఉంటే రెండూ ఒకే వేగంతో కదలవు. టైరు రిమ్‌కి అంటించిన చోట జిగురు ఊడిందేమో చూడండి. తిన్నగా పోతున్నప్పుడు అది కనబడదు, మలుపులో రబ్బరు రిమ్ నుంచి పక్కకి లాక్కుపోతుంది.

అన్నీ బాగానే ఉన్నా లోపం పోకపోతే చాసిస్, అంటే కారు అడుగు పలక, మెలిపడిందేమో చూడాలి. నాలుగు కాళ్ళ స్టూలుకి ఒక కాలు పొట్టిదైతే అది ఎదురెదురు మూలల్లోని రెండు కాళ్ళ మీద బరువు వేసి ఊగుతుంది. గోడని గుద్దుకుని చాసిస్ పలక కొద్దిగా మెలిపడిన కారూ అంతే. కాకపోతే స్టూలు ఊగి తన లోపం బయటపెట్టుకుంటుంది. కారుకి స్ప్రింగులున్నాయి, అవి ఆ తేడాని మింగేస్తాయి. బల్ల మీద నాలుగు చక్రాలూ నేలకి ఆని బుద్ధిగా నిలబడుతుంది. కానీ ఒక మూల జత చక్రాల మీద బరువు ఎక్కువ, మరో మూల జత మీద తక్కువ ఉంటుంది.

దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. యాంటీ రోల్ బార్లు (ఎడమ కుడి చక్రాల చేతుల్ని కలిపే తీగలు) ఊడదీసి, కారుని చదునైన గాజు పలక మీద పెట్టి, ముందు భాగం సరిగ్గా మధ్యలో సన్నటి కత్తిమొన ఆనించి మెల్లగా పైకి ఎత్తాలి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేస్తే చాసిస్ బాగానే ఉంది. ఒకటి ముందుగా లేచిందంటే దాని మీద బరువు తక్కువన్నమాట. ఇదే పరీక్ష వెనక వైపు కూడా చెయ్యాలి. చాలాసార్లు చాసిస్ పైన బిగించిన పలక మరలు వదులు చేసి, చాసిస్‌ని చదునైన చోట నొక్కిపెట్టి మళ్ళీ బిగిస్తే మెలి పోతుంది. మొత్తం వ్యవహారంలో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదేనని నా అభిప్రాయం. కొత్త స్ప్రింగుల పెట్టె కొనడంలో ఉన్న సరదా ఇందులో లేదు కాబట్టే దీన్ని చాలామంది చివరిదాకా వాయిదా వేస్తారు.

గట్టి స్ప్రింగు ఎందుకు మోసం చేస్తుంది

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. కారు ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందన్నది మూడింటి మీదే ఆధారపడుతుంది. కారు ఎంత విసురుగా తిరిగింది, దాని గరిమనాభి నేలకి ఎంత ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య ఎంత దూరముంది. ఈ మూడింట్లో స్ప్రింగు ఊసే లేదు. మెత్తటి స్ప్రింగు వేస్తే కారు ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి బరువు కూడా ఎక్కువ మారుతుందని చాలామంది నమ్మకం. ఒరగడం కంటికి కనిపిస్తుంది, బరువు మారడం కనిపించదు. ఆ నమ్మకానికి పునాది అదే. గరిమనాభి కొద్దిగా జరగడం వల్ల వచ్చే చిన్న తేడాని పక్కన పెడితే, మెత్తటి కారులోనైనా బిగుతైన కారులోనైనా మారే బరువు ఒక్కటే.

మరి స్ప్రింగులు చేసేదేమిటి? ఆ మారిన బరువుని ముందు జత, వెనక జత ఏ వాటాల్లో మొయ్యాలో తేలుస్తాయి. ఒరుగుతున్న కారుని గట్టిగా ఆపే వైపే ఎక్కువ వాటా మోస్తుంది. ముందు స్ప్రింగులు గట్టివైతే మారిన బరువులో ఎక్కువ భాగం ముందు బయటి చక్రం నెత్తిన పడుతుంది, ముందు లోపలి చక్రం తేలికైపోతుంది.

పడితే నష్టమేమిటని అడగొచ్చు. ఒక చక్రం పోగొట్టుకున్నది రెండోదానికి వచ్చింది కదా. రబ్బరు గుణం ఇక్కడ అడ్డం తిరుగుతుంది. టైరు మీద బరువు పెరిగితే దాని పట్టూ పెరుగుతుంది గానీ అదే నిష్పత్తిలో కాదు. బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపుకన్నా తక్కువే పెరుగుతుంది. కాబట్టి బయటి చక్రం సంపాదించిన పట్టు, లోపలి చక్రం పోగొట్టుకున్న పట్టుకన్నా ఎప్పుడూ తక్కువే. ఒక జతలో బరువు ఎంత అసమానంగా పంచితే ఆ జత మొత్తం పట్టు అంత తగ్గుతుంది.

■ ముందు జత లెక్క
అర్థం కావడం కోసం వేసిన అంకెలివి, కొలిచినవి కావు. 1,400 గ్రాముల కారులో ఒక్కో చక్రం మీద 350 గ్రాములు ఉన్నాయనుకుందాం. అప్పుడు ముందు టైరు ఒక్కోటి 525 గ్రాముల పట్టు ఇస్తే రెంటికీ కలిపి 1,050.
మలుపులో 150 గ్రాములు బయటికి మారాయి. 500 గ్రాములు మోస్తున్న బయటి టైరు 680 ఇస్తుంది, 200 మోస్తున్న లోపలిది 320 ఇస్తుంది. మొత్తం 1,000.
గట్టి స్ప్రింగు వేసి ముందు జత వాటా పెంచాం, 250 గ్రాములు మారాయి. 600 మోస్తున్న టైరుకి 760, 100 మోస్తున్నదానికి 170. మొత్తం 930.
టైర్లు మార్చలేదు, ట్రాక్ మార్చలేదు. ముందు భాగం పట్టు మాత్రం పడిపోయింది.

కాబట్టి ముక్కు తిరగకపోతే ముందు భాగాన్ని మెత్తబరచాలి, లేదా వెనక భాగాన్ని గట్టిపరచాలి. తోక జారిపోతుంటే దీనికి తిరగేసి చెయ్యాలి. పెద్ద రేసు కార్లకైనా ఇదే సూత్రం. రిమోట్ కార్ల తయారీదారులూ దీన్ని తొందరగానే అందిపుచ్చుకున్నారు. 1976లో జపాన్ కంపెనీ టామియా పోర్షే 934 రిమోట్ కారు తెచ్చినప్పుడు అది ప్రధానంగా చూడముచ్చటైన మోడల్. 1984లో అమెరికాలో అసోసియేటెడ్ సంస్థ అల్యూమినియం చాసిస్‌తో, నూనె నింపిన షాకులతో ఆర్‌సి10 అనే బగ్గీని, అంటే మట్టి ట్రాకుల కారుని, తెచ్చింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో జరిగిన తొలి పదో వంతు ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీలో రెండు చక్రాల డ్రైవ్ టైటిల్ దానికే దక్కింది. అప్పటి నుంచి పిట్ బల్లల మీద స్ప్రింగుల పెట్టెలు కనిపిస్తూనే ఉన్నాయి.

స్ప్రింగు మార్చకుండా ఇదే పని చేసే భాగం యాంటీ రోల్ బార్. ఎడమ కుడి చక్రాల చేతుల్ని కలిపే వంపు తిరిగిన ఉక్కు తీగ ఇది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఊరుకుంటుంది, ఒకటి లేచి ఒకటి దిగితే ఎదురు తిరుగుతుంది. దీంతో జాగ్రత్తగా ఉండాలి. గుండ్రటి తీగ గట్టిదనం దాని మందంతో పాటు విపరీతంగా పెరుగుతుంది. 1.2 మి.మీ. తీగ తీసి 1.4 మి.మీ. తీగ వేస్తే కంటికి ఆనని తేడాకి గట్టిదనం 85 శాతం ఎక్కువవుతుంది. ‘ఒక్క సైజే పెంచాను, కారు పూర్తిగా మారిపోయింది’ అని ఎవరైనా అంటే నమ్మొచ్చు.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఇవన్నీ పట్టుని ముందుకీ వెనక్కీ పంచేవే. మొత్తం పట్టు పెరగాలంటే టైరు మారాలి, లేదా కారు బరువు నేలకి దగ్గరవ్వాలి.

ఎక్కువ తిప్పితే తక్కువ తిరుగుతుంది

మొదట్లో చెప్పుకున్న రెండో మందు స్టీరింగ్ కోణం పెంచడం. మలుపులో టైరు చూసే దిక్కు ఒకటి, నిజంగా వెళ్ళే దిక్కు కాస్త వేరు. ఆ రెంటి మధ్యా కొద్ది డిగ్రీల తేడా ఉంటేనే రబ్బరు సాగి, పక్కకి లాగే బలం పుడుతుంది. తేడా పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, ఒక హద్దు దాకా. హద్దు దాటాక టైరు పట్టుకోవడం మాని రాసుకుపోతుంది. బలం పెరగకపోగా తగ్గుతుంది, చక్రం అడ్డంగా పెట్టిన బ్రేకులా కారుని ఆపుతుంది.

దీనికి పరీక్ష తేలికే. ఖాళీ స్థలంలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి, ఒకే వేగంతో కారుని గుండ్రంగా తిప్పుతూ ఉండండి. రిమోట్‌లో డ్యూయల్ రేట్ అనే మీట ఉంటుంది, దాన్ని కొద్దికొద్దిగా తగ్గించండి. వృత్తం పెద్దదవ్వకుండా ఉన్నంతసేపూ మీరు తగ్గిస్తున్నది వృథాగా పోతున్న కోణమే. కొన్ని కార్లలో తగ్గిస్తుంటే వృత్తం ఇంకా చిన్నదవుతుంది! వృత్తం పెద్దదవ్వడం మొదలైన చోట ఆగి, ఒక మెట్టు వెనక్కి రావాలి.

మలుపులో ఏ చోట?

‘నా కారు తిరగడం లేదు’ అంటే ‘నాకు ఒంట్లో బాగోలేదు’ అన్నంత. ఎక్కడ తిరగడం లేదు? మలుపులోకి దిగేటప్పుడా, నడిమధ్యలోనా, బయటికొస్తూ వేగం పెంచినప్పుడా? అనుభవమున్నవాళ్ళు మొదట అడిగేది ఇదే. ఎందుకంటే టైరుకున్న పట్టు ఒకే మూట. అందులోంచే లాగడానికీ, ఆపడానికీ, పక్కకి తిప్పడానికీ ఖర్చు పెట్టుకోవాలి.

దిగేటప్పుడు థ్రాటిల్ వదులుతాం, బరువు ముందుకి వస్తుంది. ముందు చక్రాలకి పట్టు దొరుకుతుంది, వెనకవి తేలికవుతాయి. ఇక్కడే తోక జారుతుంటే మొదట చూడాల్సింది స్ప్రింగులు కాదు, మోటారు. థ్రాటిల్ వదలగానే మోటారు తనంతట తానే కొద్దిగా బ్రేకు వేసే సదుపాయం స్పీడ్ కంట్రోలర్‌లో ఉంటుంది. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న బగ్గీలో ఆ బ్రేకు వెనక టైర్లకి మాత్రమే పడుతుంది. అవి మూటలో కొంత ఆగడానికి ఖర్చు పెట్టేశాక పక్కకి నిలదొక్కుకోవడానికి మిగిలేది తక్కువ. ఆ సెట్టింగు కొంచెం తగ్గిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

బయటికొచ్చేటప్పుడు కథ తిరగబడుతుంది. వెనక చక్రాల డ్రైవ్ కారు వెనక టైర్ల మూటని లాగడానికి ఖర్చు చేసి తోక విసురుతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ కారులో ముందు టైర్లు కూడా లాగుతున్నాయి, తిప్పడానికి వాటి దగ్గర చాలినంత మిగలదు. పైగా వేగం పెంచడంతో బరువు వెనక్కి పోయింది. అందుకని ముక్కు బయటికి పోతుంది. స్ప్రింగులూ యాంటీ రోల్ బార్లూ తమ నిజమైన ప్రభావం చూపేది నడిమధ్యలో, కారు ఒరిగి స్థిరపడ్డాక.

మార్చేది ఒక్కసారికి ఒకటే మార్చాలని అందరూ చెబుతారు. అంతకన్నా తక్కువమంది చెప్పేది ఇంకోటుంది. మార్పు బాగుందనిపించాక పాతదాన్ని మళ్ళీ బిగించి ఇంకోసారి నడపాలి. ట్రాక్ కూడా గంటగంటకీ మారుతుంది. రబ్బరు పేరుకునేకొద్దీ పట్టు పెరుగుతుంది, ఎండెక్కితే తారు వేడెక్కుతుంది. కారు బాగుపడింది మీ మార్పు వల్లో, పది గంటల ఎండ వల్లో పాతదానికి తిరిగి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

నూనె, ఎండ

షాకులో నూనె కదలికకి మాత్రమే ఎదురు చెబుతుంది. కారు ఒక వైపుకి ఒరిగి నిలిచిపోయాక దానికి పని లేదు. కాబట్టి మలుపు నడుమ లోపానికి నూనె మార్చడం దాదాపు దండగ. దిగేటప్పుడు, బయటికొచ్చేటప్పుడు, గతుకుల మీద దాని ప్రభావం చూడొచ్చు. నూనె మరీ చిక్కగా ఉంటే గతుకు దాటాక చక్రం తిరిగి నేలకి దిగేలోపే కారు ముందుకి పోతుంది, గాల్లో ఉన్న చక్రానికి పట్టు సున్నా. మరీ పల్చగా ఉంటే కారు ఊగుతూనే ఉంటుంది.

ఈ సిలికాన్ నూనెలని 350, 400, 450 లాంటి చిక్కదనం అంకెలతో అమ్ముతారు. వేడికి అవి పల్చబడతాయి, చలికి చిక్కబడతాయి. జనవరి పొద్దున్న సరిగ్గా కుదిరిన కారు ఏప్రిల్ మధ్యాహ్నం వదులుగా అనిపిస్తుంది. టైర్ల సంగతీ అంతే. కొన్ని టైర్ల పేర్లలో 28, 32, 36 లాంటి అంకెలుంటాయి. అవి సుమారుగా ఎంత వేడి ట్రాక్‌కి ఆ రబ్బరు సరిపోతుందో చెప్పే డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో నల్ల తారు 50 డిగ్రీలు దాటడం మామూలే. చల్లటి దేశాల్లో గెలిచిన సెట్టింగుల కాగితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ బిగిస్తే కారు మాట వినకపోవడంలో ఆశ్చర్యం లేదు.

■ గాల్లో ఉన్న కారుని తిప్పడం
మట్టి ట్రాక్ మీద బగ్గీ ఎగిరినప్పుడు ముక్కు కిందికి వాలుతుంటే డ్రైవరు థ్రాటిల్ నొక్కుతాడు, ముక్కు లేస్తుంది. మరీ లేస్తే బ్రేకు వేస్తాడు, దిగుతుంది. నేలకి తగలని చక్రాలు కారుని ఎలా తిప్పాయి? చక్రాలు ముందుకి వేగంగా తిరగడం మొదలుపెడితే, దానికి ప్రతిచర్యగా కారు శరీరం వెనక్కి తిరుగుతుంది. చక్రాలు ఆగితే వాటి తిరుగుడు శరీరానికి చేరి ముక్కుని కిందికి తోస్తుంది. కాబట్టి ఎగిరాక ముక్కు నేలకి గుచ్చుకునే కారుకి స్ప్రింగులు మార్చేముందు, గాల్లో థ్రాటిల్ వదిలేస్తున్నామేమో చూసుకోవాలి.

పట్టు మరీ ఎక్కువైతే

ఇంతవరకూ పట్టు చాలకపోవడం గురించే మాట్లాడుకున్నాం. ఇండోర్ ట్రాకుల మీద, ముఖ్యంగా కార్పెట్ పరిచిన చోట, దీనికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు వస్తుంది. కారు జారదు, బోల్తా పడుతుంది. టైర్లు పక్కకి లాగే బలం నేల దగ్గర పనిచేస్తుంది, బరువు మాత్రం పైన గరిమనాభి దగ్గర ఉంటుంది. ఆ ఎత్తుతో పోలిస్తే కారు సగం వెడల్పు ఎన్ని రెట్లుందో చూడండి. టైర్ల పట్టు కారు బరువుకి అంతకన్నా ఎక్కువ రెట్లయితే జారడానికి ముందే లోపలి చక్రాలు నేల వదిలేస్తాయి. తరవాత కారు పైతొడుగు మీద దొర్లుకుంటూ పోతుంది.

మందు రెండు రకాలు. మొదటిది గరిమనాభిని దించడం. కారు ఎత్తు ఒక మిల్లీమీటరు తగ్గించినా తేడా ఉంటుంది. అన్నిటికన్నా పైన కూర్చునేది తొడుగే కాబట్టి దాన్ని తేలికది వేస్తారు. రెండోది వినడానికి విచిత్రంగా ఉంటుంది, ఉన్న పట్టుని కావాలని చంపుకోవడం. ముందు టైర్ల బయటి అంచున, పక్క గోడ మీద, చిటికెలో అంటుకునే సూపర్ గ్లూ పల్చగా రాసి ఆరబెడతారు. మామూలుగా పోతున్నప్పుడు ఆ అంచు నేలకి తగలదు. కారు బాగా ఒరిగి టైరు మడతపడినప్పుడు మాత్రం మెత్తటి రబ్బరుకి బదులు గట్టిపడిన జిగురు నేలని తాకి జారుతుంది, బోల్తా పడాల్సిన కారు కాస్త పక్కకి జరిగి నిలదొక్కుకుంటుంది. ఆ పొర నడిపేకొద్దీ పగిలి రాలిపోతుంది. అందుకే రేసుకీ రేసుకీ మధ్య టైరు అంచు చూసుకుని, పోయిన మేరకి మళ్ళీ రాసుకోవాలి.